లండన్ మెచ్చుకోలు, హెల్సింకి చెంపదెబ్బ

అందరికీ నమస్కారం.

నిర్వాహకులు నాకిచ్చిన అంశం 1948 లండన్ ఒలింపిక్స్‌కి వెళ్లిన భారత ఫుట్‌బాల్ జట్టు. దీని గురించి మనందరికీ తెలిసింది ఒక్కటే: మనవాళ్లు బూట్లు లేకుండా ఆడారు, ఫ్రాన్స్‌ని వణికించారు, కొద్దిలో ఓడిపోయారు. ఇది నిజమే. కానీ ఈ కథని మనం ఎంత ఇష్టంగా చెప్పుకుంటామో, అంత నష్టం కూడా ఇది చేసిందని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను. వినేవాళ్లలో పాత ఆటగాళ్లు కూడా ఉన్నారు, ఒప్పుకోకపోతే చివర్లో నన్ను కడిగేయండి. (నవ్వులు)

ముందు ఆ లండన్ ఎలా ఉండేదో చూద్దాం. యుద్ధం ముగిసి మూడేళ్లయింది. గెలిచిన దేశమే, అయినా తిండికి రేషన్. రొట్టె మీద రేషన్ ఎత్తేసింది సరిగ్గా ఆటలు మొదలవడానికి కొద్ది రోజుల ముందు. మాంసం మీద అయితే 1954 దాకా ఎత్తేయలేదు. కొత్తగా ఒక్క స్టేడియం కట్టలేదు. క్రీడాకారుల కోసం ప్రత్యేకంగా గ్రామం కట్టే స్తోమత లేక సైనిక శిబిరాల్లో, కాలేజీ హాస్టళ్లలో సర్దారు. తువ్వాళ్లు మీరే తెచ్చుకోండి అన్నారు. క్రీడాకారులకు మాత్రం ఓడరేవు కూలీలకూ, గని కార్మికులకూ ఇచ్చే పెద్ద రేషన్ ఇచ్చారు. రోజుకి 5,467 క్యాలరీలు. మామూలు లండన్ మనిషికి దొరికేది 2,600 దగ్గర. అంటే మనవాళ్లు ఆ ఊళ్లో ఉన్నన్నాళ్లు ఆ ఊరివాళ్ల కంటే రెట్టింపు తిన్నారన్న మాట! జర్మనీని, జపాన్‌ని పిలవలేదు. సోవియట్ యూనియన్ రాలేదు.

ఆ ఊరికి మనం వెళ్లాం. స్వాతంత్ర్యం వచ్చి ఏడాది కూడా నిండలేదు. దేశ విభజన గాయం పచ్చిగానే ఉంది. గాంధీ గారిని చంపింది ఆ జనవరిలోనే. ఇక మన హైదరాబాద్ సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఆ జూలైలో ఇది ఇంకా భారత యూనియన్‌లో లేదు. నిజాం రాజ్యమే. పోలీసు చర్య జరిగింది సెప్టెంబరులో. లండన్‌లో మ్యాచ్ జరిగినప్పుడు ఇక్కడి మైదానాల్లో ఆడుతున్న కుర్రాళ్లు సాంకేతికంగా వేరే దేశంలో ఉన్నట్టు. దీన్ని గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే నాలుగేళ్లు తిరిగేసరికి జట్టుకి కోచ్ ఈ ఊరి నుంచే వస్తాడు.

జట్టు గురించి. కెప్టెన్ తాలిమెరెన్ ఆవో. నాగా కొండల్లో చాంగ్కీ అనే ఊరు. తండ్రి క్రైస్తవ మత ప్రచారకుడు, కొడుకు డాక్టర్ కావాలని కోరుకున్నాడు. ఆ కోరిక తీరకుండానే పోయాడు. ఆవో గౌహతిలో చదివి, కలకత్తాలో మెడిసిన్‌లో చేరి, అక్కడి మోహన్ బగాన్ క్లబ్బుకి ఆడాడు. ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో భారత జెండా పట్టుకుని నడిచింది ఆయనే. అప్పటికి ఇంకా మెడికల్ స్టూడెంటే. ఇది నాకు చాలా ఇష్టమైన వివరం. స్వతంత్ర భారతం ఒలింపిక్స్‌లో అడుగుపెట్టినప్పుడు ముందు నడిచింది ఢిల్లీవాడో బొంబాయివాడో కాదు, నాగా కొండల కుర్రాడు.

కోచ్ బలాయిదాస్ ఛటర్జీ. వెనక కాపలాకి శైలెన్ మన్నా. గోల్‌లో వరదరాజ్. ముందు సారంగపాణి రామన్, అహ్మద్ ఖాన్, సాహు మేవాలాల్ లాంటివాళ్లు. రామన్, అహ్మద్ ఖాన్ ఇద్దరూ బెంగళూరువాళ్లు. కంటోన్మెంట్ చుట్టుపక్కల పేటల్లో పెరిగారు. ఆ రోజుల్లో కలకత్తా క్లబ్బులు దక్షిణాది మీద వలేసి పట్టుకునేవి. తర్వాత ఈస్ట్ బెంగాల్‌లో ‘పంచపాండవులు’ అని పేరుపడ్డ ఐదుగురు ఫార్వర్డుల్లో అహ్మద్ ఖాన్ ఒకడు. ఆ ఐదుగురిలో అప్పారావు అని ఇంకొకాయన ఉన్నాడు. పేరే చెబుతోంది కదా ఎవరి తాలూకో!

ఇప్పుడు బూట్ల విషయం. ఇక్కడ కాసేపు ఆగాలి.

పేద దేశం, బూట్లు కొనే దిక్కులేదు అని ఒక వర్గం జాలి పడుతుంది. వట్టికాళ్ల వీరులు అని ఇంకో వర్గం పొంగిపోతుంది. రెండూ సగం సగమే. 1911లో మోహన్ బగాన్ ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ని 2-1తో ఓడించి ఐఎఫ్ఏ షీల్డ్ అనే టోర్నమెంట్ గెలిచినప్పుడు పదకొండు మందిలో పదిమంది వట్టికాళ్లతో ఆడారు. తెల్లవాడి బూటు మీద నల్లవాడి పాదం గెలిచిందని బెంగాల్ అంతా ఊగిపోయింది. ఆ రోజు నుంచి వట్టికాలు ఒక అలవాటుగానే కాదు, ఒక అభిమానంగా కూడా నిలబడింది. దానికి తోడు ఆట లాభం ఉంది. పాదానికి బంతి తెలుస్తుంది. చిన్న చిన్న పాస్‌లు, ఒడుపుగా తిప్పడం, మడమతో తోయడం, ఇవన్నీ ఎండిన గట్టి నేల మీద వట్టికాలికే బాగా వస్తాయి. చీలమండకి పట్టీ గట్టిగా చుట్టుకుని దిగేవాళ్లు.

కానీ నేల తడిస్తే? 1930లలో కలకత్తాలోని ఇంకో క్లబ్బు, మహమ్మడన్ స్పోర్టింగ్ వాళ్లు దీన్ని కనిపెట్టారు. వానాకాలపు కలకత్తా బురదలో బూట్లు వేసుకుని దిగారు. 1934 నుంచి 1938 దాకా వరసగా ఐదుసార్లు కలకత్తా లీగ్ వాళ్లదే. అంటే బూటు విలువ మనకి తెలియక కాదు. లండన్‌కి పద్నాలుగేళ్ల ముందే మన గడ్డ మీదే రుజువైంది. చూసీ పట్టించుకోలేదు, అంతే. జాతీయ జట్టుకి ఎంపికైనవాడికి ఒక జత బూట్లు సంపాదించడం అసాధ్యమేం కాదు. లండన్ జట్టులో కొందరు బూట్లతోనే ఆడారు కూడా. ఎక్కువమందికి వాటితో ఆడటం అలవాటు లేదు. అలవాటు లేని బూటు వేసుకుని ఫ్రాన్స్‌తో ఆడే కన్నా తెలిసిన పాదంతో ఆడటం నయం అనుకున్నారు. ఆ రోజుకి అది తెలివైన నిర్ణయమే అంటాను నేను. తప్పు ఆ రోజుది కాదు, ఆ తర్వాతి నాలుగేళ్లది.

మ్యాచ్‌కి వద్దాం. 1948 జూలై 31. లండన్‌కి తూర్పున ఇల్‌ఫోర్డ్ అనే శివారులో క్రికెల్‌ఫీల్డ్ మైదానం. వెంబ్లీ లాంటి పెద్ద స్టేడియమేమీ కాదు, ఒక స్థానిక మైదానం. సుమారు 17,000 మంది వచ్చారు. ఇండియా నుంచి వట్టికాళ్లతో ఆడేవాళ్లొచ్చారట అన్న వింత కోసం వచ్చినవాళ్లు వాళ్లలో చాలామందే ఉండి ఉంటారు. మొదటి అరగంటకి ఫ్రాన్స్ గోల్ కొట్టింది, కూర్బాన్ కొట్టాడు. మనకి ఒకటి కాదు, రెండు పెనాల్టీలు వచ్చాయి. ఒకటి శైలెన్ మన్నా, ఒకటి మహావీర్ ప్రసాద్. రెండూ పోయాయి. 70వ నిమిషంలో రామన్ గోల్ కొట్టాడు. స్వతంత్ర భారతానికి అంతర్జాతీయ ఫుట్‌బాల్‌లో మొదటి గోల్ అది. 1-1. అదనపు సమయం తప్పదు అనుకుంటున్నారు. 89వ నిమిషంలో ఫ్రాన్స్ మళ్లీ కొట్టింది, ఈసారి పెర్సియోన్. 2-1. ఇంటికి.

రెండు పెనాల్టీలు పోయాయని మనం డెబ్భై ఏళ్లకు పైగా బాధపడుతున్నాం. నేను చూసేది మాత్రం ఇంకో రెండు అంకెల్ని. 70, 89. మన లీగుల్లో అప్పట్లో పూర్తి 90 నిమిషాల ఆట అలవాటు లేదు. ఇంకా తక్కువలోనే ముగించేవారు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో కూడా మ్యాచ్ 80 నిమిషాలే. మన గోల్ 70వ నిమిషంలో వచ్చింది, అంటే మన ఊపిరి అక్కడిదాకా ఉంది. ఇంట్లో అయితే మ్యాచ్ దాదాపు అయిపోయేది. అక్కడి నుంచి ఇంకో 20 నిమిషాలు పరిగెత్తాలి, పరిగెత్తే శిక్షణ లేదు. ఒక్క మ్యాచ్ చూసి సిద్ధాంతం కట్టకూడదు, నిజమే. కానీ ఇదే కథ తర్వాత కూడా కనిపిస్తుంది.

ఓడాక ఏం జరిగింది? పొగడ్తలు. అక్కడి పత్రికలు మెచ్చుకున్నాయి, జనం చప్పట్లు కొట్టారు. బూట్లు ఎందుకు వేసుకోలేదని ఒక విలేకరి అడిగితే, మీరు ఆడేది బూట్‌బాల్, మేం ఆడేది ఫుట్‌బాల్ అని ఆవో జవాబిచ్చాడని చెబుతారు. చురుకైన జవాబు. ఇంకో కథ, ఆరవ జార్జి రాజు గారు మన్నాని పిలిచి, నీ కాళ్లు ఉక్కువా ఏంటి, ఓసారి ప్యాంటు పైకెత్తు అన్నాడట. ఈ కథ ఒక్కో చోట ఒక్కో రకంగా ఉంటుంది. నేనైతే దీన్ని తాతయ్యలు చెప్పే కథల అరలో పెట్టేశాను. జరిగి ఉండొచ్చు, జరగకపోయి ఉండొచ్చు. కానీ మనం దాన్ని ఎంత ప్రేమగా దాచుకున్నామో చూడండి. నిన్నటిదాకా మనల్ని ఏలిన రాజు మన కాలు చూసి ఆశ్చర్యపోయాడు! ఏడాది వయసున్న దేశానికి అంతకంటే ఏం కావాలి?

అదే లండన్‌లో ఆగస్టు 12న హాకీలో బ్రిటన్‌ని వాళ్ల వెంబ్లీలోనే 4-0తో కొట్టి స్వర్ణం తెచ్చాం. ఫుట్‌బాల్ జట్టు కూడా ఉట్టి చేతులతో తిరిగి రాలేదు, యూరప్‌లో స్నేహపూర్వక మ్యాచ్‌లు ఆడింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో అయాక్స్ మీద 5-1తో గెలిచింది. అయాక్స్ అంటే ఇప్పటి పిల్లలకి ఎలా వినిపిస్తుందో నాకు తెలుసు. అప్పటి అయాక్స్ యూరప్ కప్పులు గెలిచిన అయాక్స్ కాదు, హాలెండ్‌లో ఆట ఇంకా అమెచ్యూరే, అంటే జీతానికి కాదు, సరదాకి ఆడేవాళ్లదే. అయినా గెలుపు గెలుపే.

ఇంత మెచ్చుకోలు వెంటేసుకుని వచ్చిన జట్టుకి ఏం మార్చుకోవాలనిపిస్తుంది చెప్పండి? ఏమీ అనిపించదు. అనిపించలేదు కూడా. ఒక సంగతి ఎవరూ గట్టిగా అనలేదు. మనం ఆడింది ఫ్రాన్స్ అసలు జట్టుతో కాదు, అమెచ్యూర్ జట్టుతో. ఒలింపిక్స్‌లో ప్రొఫెషనల్స్‌కి చోటు లేదు. ఆ అమెచ్యూర్ ఫ్రాన్స్ తర్వాతి రౌండ్‌లోనే బ్రిటన్ చేతిలో 1-0తో ఓడి ఇంటికెళ్లింది. ‘ఫ్రాన్స్‌ని వణికించాం’ అన్న మాటకి ఈ చిన్న అక్షరాల వివరణ కింద రాసుకుని ఉంటే బాగుండేది.

మధ్యలో 1950 బ్రెజిల్ ప్రపంచ కప్ ఉంది. మన గ్రూపులో పోటీ పడాల్సిన బర్మా, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ తప్పుకోవడంతో మనకి ఆడకుండానే అర్హత వచ్చింది. అక్కడ స్వీడన్, ఇటలీ, పరాగ్వేలతో గ్రూపు. ఖర్చులో పెద్ద భాగం భరిస్తామని బ్రెజిల్ వాళ్లు అన్నారు కూడా. మన ఫుట్‌బాల్ సమాఖ్య వెళ్లనంది. వట్టికాళ్లతో ఆడనివ్వరు కాబట్టి వెళ్లలేదు అని ఇప్పటికీ క్విజ్‌లలో అడుగుతారు. శైలెన్ మన్నా తర్వాత రోజుల్లో దీన్ని కొట్టిపారేశాడు. అసలు మాకు ఒలింపిక్సే లోకం, ప్రపంచ కప్ గురించి పెద్దగా పట్టించుకోలేదు అన్నది ఆయన మాటల సారం. నాకు ఇదే నమ్మబుద్ధేస్తుంది. లండన్ మనకి ఒక గుడి కట్టిచ్చింది. ఇంకో గుడి ఉందని ఎవరూ అనుకోలేదు.

ఇక 1951. ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు. ఫైనల్లో ఇరాన్ మీద 1-0, మేవాలాల్ గోల్, స్వర్ణం. కెప్టెన్ మన్నా. కోచ్, మన సయ్యద్ అబ్దుల్ రహీం. (చప్పట్లు)

రహీం సాబ్ గురించి ఈ ఊళ్లో నేను పరిచయం చేయక్కర్లేదు. బడి పంతులు. కాచిగూడ బడిలో, దారుల్ ఉలూమ్‌లో, చాదర్‌ఘాట్‌లో పాఠాలు చెప్పిన మనిషి. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి. 1950లో సిటీ పోలీస్ జట్టుకి కోచ్ అయ్యాడు. ఆ ఏడాది నుంచి బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ టోర్నమెంట్ వరసగా ఐదుసార్లు ఆ జట్టుదే. పిల్లలకి ఆయన పెట్టిన టోర్నమెంట్ల గురించి వినే ఉంటారు. ఒకదాంట్లో బంతిని తిప్పుకుంటూ పోవడం నిషేధం, ముట్టుకోగానే పాస్ ఇవ్వాలి. ఇంకోదాంట్లో బలహీనమైన కాలితోనే కొట్టాలి. పంతులు బుర్ర అంటే అదీ. రాని లెక్కే మళ్లీ మళ్లీ చేయించాడు.

ఆయన జట్టుని తీసుకుని 1952లో హెల్సింకి వెళ్లాడు. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ లాంటి మన ఊరి కుర్రాళ్లు ఇప్పుడు జట్టులో ఉన్నారు. జూలై 15. ప్రత్యర్థి యుగోస్లావియా. మన ఎండలకి పుట్టినవాళ్లకి ఆ ఊరి చలి. చాలామందికి ఇంకా బూట్లు లేవు. ఫలితం 10-1.

పది! బ్రాంకో జెబెత్స్ ఒక్కడే నాలుగు కొట్టాడు. మితిచ్, వూకాస్, ఒగ్న్యానోవ్ తలా రెండు. మన ఒక్క గోల్ అహ్మద్ ఖాన్ కొట్టాడు, అది కూడా 89వ నిమిషంలో. ఎదురుగా ఉన్నది పేరుకి అమెచ్యూర్లు. నిజానికి యుగోస్లావియా అసలు జాతీయ జట్టు అదే, ఎందుకంటే కమ్యూనిస్టు దేశాల్లో ప్రొఫెషనల్ అనే మాటే కాగితం మీద లేదు. ఆ జట్టు ఫైనల్ దాకా వెళ్లింది. అక్కడ పుష్కాష్ అనే మేటి ఆటగాడున్న హంగరీ చేతిలో 2-0తో ఓడింది. అంటే ప్రపంచంలో మొదటి నాలుగైదు జట్లలో ఒకదానితో మనం మొదటిసారి నిజంగా తలపడ్డాం. లండన్‌లో మనకి ఎదురైంది ఫ్రాన్స్ పేరు మాత్రమే.

ఈసారి ఎవరూ పొగడలేదు. ఏ రాజూ ప్యాంటు ఎత్తి చూపించమనలేదు. ఇంటికొస్తే తిట్లు. సమాఖ్య వెంటనే బూట్లు తప్పనిసరి చేసింది. నలభై ఏళ్ల అభిమానం ఒక్క మ్యాచ్‌తో ముగిసింది. అందుకే నేను అంటున్నాను, మన ఫుట్‌బాల్‌కి మేలు చేసిన విదేశీ పర్యటన లండన్ కాదు, హెల్సింకి. లండన్‌లో 2-1 బదులు 6-0తో ఓడి ఉంటే నాలుగేళ్లు మిగిలేవి. ఇది వినడానికి కటువుగా ఉంటుందని తెలుసు. ఆ పదకొండు మంది ఆటని నేను తక్కువ చేయడం లేదు. వాళ్ల ఆట చూసి నిద్రపోయిన పెద్దల్ని అంటున్నాను.

నిద్రపోనివాడు రహీం. పది గోల్స్ తిన్న కోచ్‌ని మామూలుగా తీసేస్తారు. ఆయన అదే పర్యటనలో హంగరీ, యుగోస్లావియాల స్థాయి ఏంటో దగ్గరగా తెలుసుకుని వచ్చాడు. బంతిని ఒక్కడే మోసుకుపోయే ఆటకి కాలం చెల్లిందని అర్థమైంది ఆయనకి. బూట్లు తొడిగితే సరిపోదు, బూట్లకి తగ్గ ఆట కావాలి. నాలుగేళ్లు దాని మీదే పనిచేశాడు.

1956, మెల్‌బోర్న్. మొదటి రౌండ్‌లో మన ప్రత్యర్థి హంగరీ. బుడాపెస్ట్‌లోకి సోవియట్ ట్యాంకులు వచ్చిన ఆ శరదృతువులో హంగరీ ఫుట్‌బాల్ జట్టు రాలేదు, మనకి వాకోవర్, అంటే ఆడకుండానే గెలుపు. అదృష్టమే, దాచక్కర్లేదు. కానీ క్వార్టర్ ఫైనల్ అదృష్టం కాదు. డిసెంబరు 1న ఆస్ట్రేలియాని వాళ్ల గడ్డ మీద 4-2. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్, ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆసియావాడు కొట్టిన మొదటి హ్యాట్రిక్. అనుమానం ఉన్నవాళ్ల కోసం అన్నట్టు, ఆటలయ్యాక సిడ్నీలో ఇంకో మ్యాచ్ ఆడి 7-1తో కొట్టాం. సెమీస్‌లో మళ్లీ యుగోస్లావియా. ఈసారి ముందు గోల్ మనదే, నెవిల్‌దే. తర్వాత వాళ్లు నాలుగు కొట్టారు, 4-1. కాంస్యం కోసం బల్గేరియా చేతిలో 3-0. నాలుగో స్థానం. 10-1 నుంచి 4-1కి, అది కూడా ముందంజలో ఉండి. ఆ జట్టులో పీటర్ తంగరాజ్, నూర్, అజీజ్, లతీఫ్, జుల్ఫికర్, సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం. కెప్టెన్ సమర్ బెనర్జీ కలకత్తావాడు, నడక మాత్రం హైదరాబాద్‌ది.

ఆవో సంగతి చెప్పలేదు. లండన్ నుంచి తిరిగొచ్చి 1950లో మెడిసిన్ పూర్తి చేశాడు. ఫుట్‌బాల్‌లో డబ్బూ పేరూ చేతికందుతున్న వేళ నాగా కొండలకి వెళ్లిపోయి డాక్టరుగా పనిచేశాడు, నాగాలాండ్ ఆరోగ్యశాఖ డైరెక్టరుగా రిటైరయ్యాడు. 1998లో పోయాడు. ఆయన జీవితం మీద ఒక సాయంత్రం మొత్తం మాట్లాడొచ్చు, ఇవాళ టైం లేదు.

చివరిగా 1960 రోమ్. రహీం కోచ్, పీకే బెనర్జీ కెప్టెన్. హంగరీతో 2-1తో ఓడాం, మన గోల్ బలరాందే. పెరూతో 3-1తో ఓడాం, అప్పుడూ గోల్ బలరాందే. ఈ రెండింటి మధ్య ఫ్రాన్స్. ఈసారి అందరి కాళ్లకీ బూట్లున్నాయి. 71వ నిమిషంలో పీకే గోల్ కొట్టాడు. 82వ నిమిషంలో ఫ్రాన్స్ సమం చేసింది. 1-1. మళ్లీ ఆ చివరి 20 నిమిషాలే! బూట్ల జబ్బు నయమైంది, ఊపిరి జబ్బు పూర్తిగా నయం కాలేదు. రెండేళ్లకి జకార్తాలో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి ఆసియా స్వర్ణం తెచ్చిన రహీం, ఆ మరుసటి ఏడాది జూన్ 11న క్యాన్సర్‌తో పోయాడు. ఒలింపిక్స్‌కి మన ఫుట్‌బాల్ జట్టు రోమ్ తర్వాత మళ్లీ వెళ్లలేదు.

ఆ తర్వాత ఎందుకు ఆగిపోయామన్నది మీలో కొందరికి నాకంటే బాగా తెలుసు, మైదానంలో ఉన్నవాళ్లు మీరు. మైకు అటు ఇస్తాను, అడగండి.